నేను తినని కోడి బరువు

ఈ జన్మలో నేను ఎవరి వస్తువూ ముట్టలేదు. పక్కింటి పనసపండు రాలి మా పెరట్లోకి దొర్లితే, దాన్ని మళ్ళీ అటు దొర్లించి వచ్చిన మనిషిని. అటువంటి నేను ఒక ఆదివారం ఉదయం, మా కొండ ఊరి చర్చిలో, అందరి ముందూ కోడిదొంగనైపోయాను. పట్టించినవాడు లేడు, చూసినవాడు లేడు. చెయ్యని దొంగతనానికి నన్ను నేనే, నా చేతిరాతతో పట్టించుకున్నాను. తన గొయ్యి తానే తవ్వుకున్నవాళ్ళ గురించి మీరు విని ఉంటారు. నేను గొయ్యి తవ్వి, లోతు కొలిచి, చాలలేదని ఇంకో జానెడు తవ్వి మరీ దిగాను. ఎలాగో వినండి.

తొంభైల చివరి సంగతి. నాకు పాతికేళ్ళు నిండలేదు. అరకు లోయకు ఎగువన మా ఊరు. ఐదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ, లెక్క మాత్రం వదల్లేదు. సంతలో కూర్చుని చూసి చూసి తూకాలు నేర్చుకున్నాను. కొక్కేనికి వేలాడే స్ప్రింగు కాటా ఒకటి సంపాదించి, సంత మొదట్లో ఒక చెట్టు కొమ్మకు తగిలించేవాణ్ణి. కొండ మీది నుంచి పసుపు, అల్లం, పిప్పళ్ళు మోసుకొచ్చినవాళ్ళు ముందు నా దగ్గర తూచుకుని, ఆ అంకె మనసులో పెట్టుకుని షావుకార్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. తూచినందుకు ఎవరికి తోచింది వాళ్ళు పెట్టేవాళ్ళు. నా నోటి అంకె మీద జనానికున్న ఆ నమ్మకంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇంతలో మా చర్చికి పాతికేళ్ళ పండుగ వచ్చింది. పాస్టరు గారు మైదానం నుంచి వచ్చినవారు, మహా ఉత్సాహవంతులు. విశ్వాసులందరి సాక్ష్యాలూ చేర్చి ఒక చిన్న పుస్తకం వేయిద్దామన్నారు. సాక్ష్యమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. దేవుణ్ణి నమ్మక ముందు నేనెలా ఉండేవాణ్ణి, నమ్మాక ఎలా అయ్యాను అని నలుగురి ముందూ చెప్పుకోవడం. 'ముందు' ఎంత ఘోరంగా ఉంటే 'తరవాత' అంత మెరుస్తుంది.

ఈ విద్యలో మా సంఘపెద్ద సమేలు మావను మించినవాడు లేడు. ఆయన సాక్ష్యంలో జీలుగు కల్లు ఏరై పారుతుంది, చివర్లో ఒక పులి వస్తుంది. నా చిన్నప్పుడు ఆ పులి అవతలి కొండ మీద గాండ్రించేది. ఏటేటా ఒక్కో గట్టు దిగుతూ, నేను చెప్పే నాటికి మావ భుజం మీద చెయ్యి వేసేంత దగ్గరికి వచ్చేసింది.

నేను రాసింది నాలుగు వాక్యాలు. పుట్టాను. మా అమ్మ చంకనేసుకుని చర్చికి తెచ్చింది. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

పాస్టరు గారు మిగతాది అటు ఉందేమోనని కాగితం తిప్పి చూశారు.

"దాసూ, ఇది సాక్ష్యమా, రేషను కార్డా?"

"ఉన్నది అంతేనండి."

"తాగుడు?"

"వాసన పడదండి."

"పోనీ, కొట్లాటలు?"

"ఒకసారి కొట్టించుకున్నానండి."

ఆయన నిట్టూర్చారు. "బాగా ఆలోచించవయ్యా. చీకటి లేకపోతే దీపం ఎవరికి కనబడుతుంది?"

ఆ మాట నా లెక్కల బుర్రలో పడింది. నిజమే కదా! ఒక పళ్ళెంలో దేవుడిచ్చిన రక్షణ ఉంది. అంత బరువుకు ఎదురుగా నేను పెట్టింది ఏమిటి? వట్టి గాలి. తూకం సరిచేద్దామని కూర్చున్నాను. హత్య మరీ ఎక్కువైపోతుంది. తాగుడు మావ వాటా. దొంగతనమైతే మధ్యస్థంగా, ఇంటిల్లిపాదీ చదువుకునేలా ఉంటుందనిపించింది. ఎవరిదీ కాని ఊహల కోడిని ఒకదాన్ని ఎత్తుకొచ్చాను.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కానీ నాకో జబ్బుంది. అబద్ధమైనా సరే, ఆనవాలూ తూకమూ లేకుండా రాయలేను. వానాకాలపు సాయంత్రమనీ, మెడ మీద చుక్కలున్న పెట్ట అనీ, దాని బరువు రెండుంపావు కిలోలనీ రాశాను. రాసి, రెండుసార్లు చదువుకుని, నా పాపానికి నేనే మురిసిపోయాను.

పాస్టరు గారికి అది ఎంత నచ్చిందంటే, ఆదివారం నాడు స్వయంగా చదివి వినిపించడానికి లేచారు. వానాకాలం దగ్గర గొంతు వణికించారు. సాయంత్రం దగ్గర కళ్ళు మూసుకున్నారు. మెడ మీద చుక్కలు వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి రూతు మామ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులని పాటలకు కూడా లేవదు.

"ఓలమ్మో! నా సుక్కల పెట్ట!"

పాస్టరు గారు పరవశం అనుకుని, "స్తోత్రం!" అన్నారు.

"స్తోత్రం కాదు బాబూ, పెట్ట! ఒరే దాసుగా, నువ్వేట్రా తినీసినావు? వానల్లోనే పోనాది. నక్క ఎత్తుకెల్లిపోనాదని ఇన్నాల్లూ ఆ నక్కని తిట్టని తిట్టు తిట్టకుండా తిట్టినాను కాదేటి!"

"మామ్మా, అది నీ పెట్ట కాదు..."

"మరి ఎవుల్దిరా?"

ఆసామీ అంటూ లేని, ఎవరిదీ కాని కోడి ఈ లోకంలో ఉండదని నాకప్పుడే తెలిసింది.

వెనక వరసలోంచి ఇంకో గొంతు వినబడింది. "మా మేకపిల్ల సంగతి రాయనేదేటి దాసూ? కాయితం సాలనేదా?"

"మా కొడవలి కూడా అగుపడ్డం నేదు!"

"నేను దొంగను కాదు!" అని అరిచాను.

"అవును నాయనా, ఇప్పుడు కాదు" అంటూ పాస్టరు గారు ఎంతో ప్రేమగా నా తల మీద చెయ్యి పెట్టారు. మిగతా కాగితం ఎవరూ వినలేదు.

తరవాతి సంతలో నా కాటా కొమ్మకు వేలాడుతూనే ఉంది, ముల్లు సున్నా మీద నిద్రపోతూనే ఉంది. కావిళ్ళన్నీ నా ముందు నుంచే సాగిపోయాయి. "పెట్టని దాసినోడు కిలో దాయడేటి?" అని ఎవరో అనడం, పక్కవాళ్ళు తలూపడం నాకు వినబడుతూనే ఉన్నాయి. ఇలా ఇంకో నాలుగు సంతలు గడిస్తే కాటా అమ్ముకుని కూలికి పోవడమే. అప్పుడు ఒక షావుకారు నవ్వుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏమయ్యా దాసూ, మా కొట్లో తూచే మనిషి కావాలి. వస్తావా?"

"ఇన్నాళ్ళూ అడగలేదేమండీ?"

"నీ గురించి ఇప్పుడే కదా విన్నాను!" అని కన్ను గీటాడు.

దొంగ అన్న పేరొచ్చినందుకు కాదు, ఆ పేరుకు అంత గిరాకీ ఉన్నందుకు నాకు ఏడుపొచ్చింది. తిన్నగా పాస్టరు గారి ఇంటికి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆయన ముఖం పాలిపోయింది.

"చర్చిలో అబద్ధ సాక్ష్యమా! పది ఆజ్ఞల్లో ఏముంది?"

"పొరుగువాడి మీద చెప్పకూడదని కదండీ ఉంది? నేను నా మీదే చెప్పుకున్నాను."

ఆయన బైబిలు తెరిచి, ఆ ఆజ్ఞ మళ్ళీ చదివి, మూసేసి, "ఇది మాకు బైబిలు కాలేజీలో చెప్పలేదయ్యా" అన్నారు.

ఈలోగా రూతు మామ్మ ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళనే వెళ్ళింది. మా వైపు ఊరిపెద్దను నాయుడంటాం. తప్పు చేసినవాడు నాయుడి ముందు నిలబడి, పోగొట్టుకున్నవాళ్ళకు నష్టం కట్టి, ఊరికి భోజనం పెట్టాలి; దీన్నే తప్పు కట్టడమంటాం. మా నాయుడు చర్చికి రాడు, కొండదేవతకు మొక్కుతాడు. కానీ తగువు తీర్చడంలో అందరూ ఆయనకు ఒకటే. కబురందుకుని నేనూ, నా కాగితంతో పాస్టరు గారూ వెళ్ళేసరికి ఊరంతా ఆయన ముందు మూగి ఉంది.

"నేను దొంగతనం చెయ్యలేదు నాయుడు తాతా. రాసిందంతా అబద్ధం" అన్నాను.

"సెయ్యని దొంగతనం సేసినానని రాసుకునీ ఎర్రోడు ఎక్కడైనా ఉంటాడేట్రా?" అన్నాడాయన. నా పక్షాన ఉన్న ఒకే ఒక్క సత్యం, నమ్మడానికి వీల్లేని సత్యం! "ఏదీ, ఏటి రాసినాడో మొత్తం సదవండి బాబూ."

పాస్టరు గారు చదివారు. ఈసారి వణుకు లేదు. వానాకాలం దాటి, చుక్కలు దాటి, ఆదివారం నాడు ఎవరూ వినని చోటికి వచ్చారు. "దాని బరువు రెండుంపావు కిలోలు."

"రెండుంపావా!" అని గుంపులోంచి ఒక గొంతు లేచింది. "ఆ పెట్టకి రెండుంపావెక్కడిది? కిలోన్నరుంటే గొప్ప! అన్నీ ఎముకలే!"

సమేలు మావ! కోడిని కాళ్ళు పట్టి తూస్తున్నట్టు చెయ్యి గాలిలో ఊపుతూ నిలబడి ఉన్నాడు. నోరు మూసుకున్నాడు గానీ, చెయ్యి దించడం మరిచిపోయాడు.

నాయుడు నెమ్మదిగా అడిగాడు. "ఎముకలని నీకెలా తెలుసు బావా?"

మావ నేల చూశాడు, ఆకాశం చూశాడు, పాస్టరు గారిని చూశాడు.

"నానే తినీసినాను."

"మరి నీ సాచ్చెంలో పులి గురించి ఏటేటా సెప్తావు. పెట్ట గురించి సెప్పనేదేటి?"

"పులికి ఆసామీ ఎవులూ నేరు కదా బావా!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. రూతు మామ్మ మాత్రం నవ్వలేదు. మావ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఉడికిందేటి?"

"నేదత్తా. ఎంత సేపు ఉడకబెట్టినా నేదు."

"ముసిల్ది మరి" అంది, కొంచెం గర్వంగానే.

నాయుడు తీర్పు చెప్పాడు. మావ పెట్టకు పెట్ట ఇవ్వాలి, ఊరికి అన్నం పెట్టాలి. ఇక నా వైపు తిరిగాడు. "నువ్వు దొంగవి కాదురా, ఎర్రోడివి. ఎర్రితనానికి తప్పు కట్టమంటే ఊరంతా కట్టాల. ఎల్లు."

"పెట్టకి పెట్ట అంటే సాలదు నాయుడా" అంది మామ్మ. "దేవుడి పేరెట్టి రాసిన తూకం. నాకు రెండుంపావే కావాల."

"కిలోన్నర తిన్నోణ్ణి రెండుంపావు ఎలాగిస్తానత్తా?"

"మిగిల్దానికి నక్కని తిట్టించినావు కాదేటి!"

ఆ తరవాతి సంతకు మామ్మ చంకలో కొత్త పెట్టతో, వెనక మావతో, షావుకార్లందరినీ దాటుకుని తిన్నగా నా కాటా దగ్గరికొచ్చింది.

"బేగి తూసి సెప్పరా. కాటాకి సిగ్గుంది, అబద్దమాడదు. ఆడీది నువ్వే."

చుట్టూ జనం మూగారు. పెట్టను కొక్కేనికి తగిలించాను. మావ కళ్ళతోనే నాకు ప్రార్థన చేశాడు. అంతటి ప్రార్థన ఆయన చర్చిలో ఎన్నడూ చేసి ఉండడు.

"వంద గ్రాములు తక్కువ మామ్మా" అన్నాను.

"యినీసినారా!" అంది మామ్మ జనం వైపు తిరిగి. మావ గొణుక్కుంటూ ఆ వంద గ్రాములు సరిపెట్టే గుడ్ల కోసం వెళ్ళాడు. ఆయన అటు తిరగ్గానే ఎవరో అల్లం బుట్ట తెచ్చి నా కాటా కింద దించారు. దాని వెనక ఇంకో బుట్ట దిగింది. సంత ముగిసే దాకా ముల్లుకు ఊపిరాడలేదు.

సాక్ష్యాల పుస్తకం అచ్చయి వచ్చింది. అందులో నావి ఆ మొదటి నాలుగు వాక్యాలే ఉన్నాయి.

కాబట్టి సంఘం ఎదుట, సంత ఎదుట, ఇది చదువుతున్న మీ ఎదుట కుడి చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. చెయ్యని పాపం ఇక ఒక్క గ్రాము కూడా రాయను. మరి చేసినవి రాయొచ్చు కదా అంటారా? రాయొచ్చు. కానీ వాటి ఆసామీలందరూ ఇంకా బతికే ఉన్నారు.