నుదుటి తోలు ముక్కు

ఈ పొద్దున ఖమ్మం ఖానాపురం హవేలిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉంటే ఈగ ఒకటి వచ్చి ముక్కు మీద వాలింది, నేను అలవాటుగా నుదురు గోక్కున్నాను, అది చూసి పక్కింటి పెద్దమనిషి నాకు మతి తప్పుతోందని జాలిపడ్డాడు. ఆయనకేం తెలుసు? నా ముక్కు మీదున్నది నుదుటి తోలు, అక్కడ ఏది పాకినా నాకు నుదుటి మీదే తెలుస్తుందని గొప్పగా చెప్పి పంపాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము చండ్రుగొండ అడవంచున సేద్యం చేసుకునేవాళ్లం. అరవై దాటిన నాకు ముక్కు పక్కన మానని పుండొకటి ఉండేది. చిరుతపులి గోరు తగిలిందని ఊళ్లో చెప్పుకునేవాణ్ణి. పులీ లేదు, గోరూ లేదు. దవాఖానాకు పోతే మత్తిస్తారనీ, ఈ వయసులో మత్తులోకి పోతే మళ్లీ లేవననీ భయపడి, పసుపు రాసుకుంటూ దాటవేసేవాణ్ణి. మా ఆవిడ బతిమాలి బతిమాలి అలసిపోయింది.

అట్లాంటప్పుడు ఆమె అన్న, నాకంటే పెద్దవాడైన మా బావ, తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి పోయి, అవే పూల కోసం వచ్చిన ఎలుగుబంటికి ఎదురుపడి ముక్కు పోగొట్టుకున్నాడు. ఆ వయసుకూ ఆ గుండెకూ పూర్తి మత్తు పనికిరాదని ఖమ్మంలో డాక్టరు సూదులతో ముఖం మాత్రం మొద్దుబార్చి, మనిషి మెలకువగా ఉండగానే నుదుటి తోలును, రక్తం అందేలా ఒక కొస తెగకుండా తొడిమలా ఉంచి, కిందికి తిప్పి ముక్కు చేసి కుట్టాడు. అది బాగా అతుక్కుని తొడిమ కోసేదాకా బావ ముఖం మీద చిన్న తొండం వేలాడేది. దాన్ని చూడటానికి గూడేల నుంచి జనం వచ్చారు. ఆయన కథలో మొదట కుక్కంత ఉన్న ఎలుగుబంటి, తొడిమ కోసేనాటికి దున్నపోతంత అయింది. బల్ల మీద పడుకుని డాక్టరుతో మిర్చి పంట ముచ్చట్లు పెట్టానని కూడా చెప్పాడు. మా ఇంట్లో పాల మీద మీగడ ఆయన గ్లాసులోకి పోయేది. అన్నేళ్లు నేను పెంచిన పులి ఒక్క పూటలో పిల్లి అయిపోయిందని కుళ్లుకుని నాకు అన్నం సహించేది కాదు.

పైగా నలుగురిలో అననే అన్నాడు, "ఏంది బావా, సూదికే గిట్ల వణికితివి, ఎలుగ్గొడ్డు ఎదురొస్తే నీ పంచె నిలుస్తదా?"

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడే బస్సెక్కాను.

అది రాచపుండనీ, అంటే క్యాన్సరనీ, ఇంకా ఆగి ఉంటే కంటి దాకా పాకేదనీ చెప్పి, అదే డాక్టరు పుండు కోసి తీసేసి నాకూ మెలకువలోనే నుదుటి తోలు తెచ్చి ముక్కు అతికాడు. బల్ల మీద పాటలు పాడాననీ, డాక్టరే ఇక చాలన్నాడనీ ఊరంతా చెప్పాను. నిజానికి అది పాట కాదు, మా అమ్మను పిలిచిన కేక. చాలన్నది మాత్రం నిజం.

చాలా ఏళ్లకు బావ మంచాన పడ్డాక చూడటానికి వెళ్లి, నీ ధైర్యం నాకు రాలేదని మొదటిసారి ఒప్పుకున్నాను. ఆయన పగలబడి నవ్వాడు.

"అవ్ బావా, నేనూ ఏడ్చిన. మిర్చి లేదు, ముచ్చట లేదు. 'ఆయన బతిమాలితే కదలడు, జర రోషం తెప్పియ్యన్నా' అని చెల్లె ఏడ్చింది. గందుకే గట్ల జెప్పిన."

కోపం రాలేదు. ఇంత తెలివి నాకు పుట్టలేదే అని ఇంకో కొత్త కుళ్లు పుట్టింది.

ఇప్పుడు ఖమ్మంలో ఎవరికి ఏ ఆపరేషనైనా పక్కింటికి తెలియదు, తెలిసినా అసూయపడేవాడు లేడు. ఈగ మాట కూడా నిజం చెబుతాను: ముక్కు మీద పాకితే నుదుట తెలిసే ఆ వింత తొడిమ ఉన్నన్నాళ్లే, కోశాక పోయింది. ఆ తర్వాత ఈగ వాలినప్పుడల్లా ముందుగా ఎవరు నుదురు గోక్కుంటారని బావకూ నాకూ పందెం ఉండేది, ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. ఈ పొద్దున నేనే ముందు గోక్కున్నాను. బావ కూర్చునే ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, గెలిచినట్టే లేదు.