యాకయ్య సముద్రం

యాకయ్య పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, చాయ్ కూడా తాగకముందే, గాజుతొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. "కూరల ఉప్పు లేకుంటె తెల్వది గని, గా నీళ్లల్ల తక్కువైతె తెలుస్తది," అంటుంది భార్య మంజుల. జనగామలో సముద్రమంటే ఆ తొట్టే. సముద్రపు గుర్రం అనే గుర్రపుమొహం చేప కోసం పెట్టాడు దాన్ని; అందులో ఆ గుర్రమే లేదు. అమ్ముతామని ఎవరు ఏ గుర్రం ఫొటో పంపినా, కళ్లద్దాలు నుదుటికెత్తి, దాని నెత్తిమీది కిరీటం, వీపుమీది ముళ్లు తేరిపార చూసి, "గిది అందరిండ్లల్ల ఉండేదే," అనేస్తాడు. జనగామలో అది ఏ ఇంట్లోనూ లేదు. అతనికి కావలసింది అరుదైన ముళ్లజాతి. తొట్టి కోసం తన కుట్టుమిషను వసారాలోకి జరుపుకున్న మంజుల, "ఉగాది లోపట గుర్రం రాకుంటె గీ తొట్టిల మిరపకాయలు పోస్త," అని తేల్చి చెప్పింది.

ఉగాది ఇంకా రాకముందే, కాకినాడ నుంచి చేపల లారీ తోలే ఆమె తమ్ముడు కృష్ణ అక్కడి రేవు నుంచి వీడియో కాల్ చేశాడు. "బావా, నువ్వు జెప్పినదే వలల పడ్డది. బకెట్ల బతికే ఉన్నది. తేవాల్నా?"

కిరీటం సరిపోయింది, ముళ్లూ సరిపోయాయి. కడుపు మాత్రం నిండుగా ఉబ్బి ఉంది. ఆ జాతిలో పిల్లల్ని మోసేది మగదే. యాకయ్య కళ్లద్దాలు దించుకున్నాడు.

"బామ్మర్దీ, ఒక్క సాయం జెయ్యి. గంపెడు పిల్లల తండ్రి అది. పట్టిన కాడనే ఇడిచిపెట్టు. మీ అక్కకు మాత్రం ఇంకా దొరకలేదనే చెప్పు."