గాలిలో ఆగిన గబ్రియేలు

ఎనభైల చివర, నేను ఇంటర్ చదివేటప్పుడు, నాచారంలో మా చర్చి క్రిస్మస్ నాటకంలో నాది గబ్రియేలు వేషం. ప్రధాన దూత నడిచొస్తే ఏం బాగుంటుందని, ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్న దూలానికి కప్పీ బిగించి, నడుముకు తాడు కట్టి నన్ను పైనుంచి దించారు. సగం దిగాక కప్పీ పట్టేసింది. రెక్కలతో సహా గాలిలో గిరగిరా తిరుగుతున్నాను. కింద మరియ వేషంలో మా మేనమామ కూతురు సునీత. "మరియా, భయపడకుము" అని నేను చెప్పాలి. నేనేమో రెండు చేతులా తాడు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

సునీతే తలెత్తి, "నువ్వు భయపడకు బావా, మామ నిచ్చెన తెస్తుండు" అంది. చర్చంతా నవ్వింది.

దేవుడి కబురు తెచ్చే దూతకూ ధైర్యం చెప్పే మనిషి కావాలని ఆ రోజే తెలిసింది. మరుసటి ఏడాది పాస్టరుగారు నాకు గొర్రెల కాపరి వేషమిచ్చి, "ఈసారి నేలమీదనే ఉండు కొడుకా" అన్నారు.