అమావాస్య సెలవు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు గద్వాల నుంచి వనపర్తికి నన్ను చూడటానికి వచ్చి, కూర్చోగానే ఫోన్‌లో ఒక తాటాకు గుడిసె ఫొటో చూపించింది. పైకి తాటాకే కానీ లోపల ఏసీ, గాజు కిటికీ, తెల్లటి పరుపులు ఉన్నాయి. అలాంటివి సముద్రం ఒడ్డున వరుసగా కట్టి అద్దెకిస్తున్నారట, పిల్లల సెలవుల్లో నాలుగు రోజులకు ఒకటి మాట్లాడుకున్నారట, నన్నూ రమ్మని పిలవడానికే వచ్చిందట. ఏ తేదీల్లో అని అడిగాను. ఆమె చెబుతూ ఉండగానే లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లాను. మూడో రోజు గడిలో నల్లటి చుక్క ఉంది. నేను దాని మీద వేలు పెట్టడం చూసి ఆమె నవ్వింది.

“గిన్ని పుస్తకాలు సదివినవు గద అత్తమ్మా, నువ్వు గూడ అమాస సూస్తవా?”

చూస్తాను, కానీ ఆమె అనుకున్న కారణానికి కాదు. తనకు ఇంకో మేనత్త ఉండేదనీ, చిన్నప్పుడే పోయిందనీ ఆ పిల్లకు తెలుసు. ఎలా పోయిందో తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు కనుక వాడికీ ఏమీ గుర్తులేదు. చెప్పగలిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి, నీళ్లు మరిగి సగమయ్యేదాకా పొయ్యి ముందు నిలబడ్డాను.

మా నాయిన గద్వాలలో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ముందు గదిలో మోకాళ్ల లోతు గుంట, అందులో కాళ్లు పెట్టుకుని తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చునేవాడు. వీధి వీధంతా అదే పని. ఆదివారమంటే మాకు తెలియదు, పండుగ నాడు కూడా పొద్దున కాస్త నేసే లేచేవాళ్లు. మగ్గం ముట్టని రోజు నెలకు ఒక్కటే, అమావాస్య. ఎందుకని మేం అడగలేదు, పెద్దవాళ్లూ చెప్పలేదు, వాళ్లూ ఎవరినీ అడిగి ఉండరు. ముందురోజు సాయంత్రం మగ్గానికి బిగించిన పడుగు పోగుల మీద ఒక పాత గుడ్డ కప్పేవాళ్లు, మర్నాడు వీధిలో చప్పుడు ఉండేది కాదు. అమ్మ మాకు తలంటి పోసేది, నాయిన గడ్డం గీయించుకునేవాడు, చుట్టాల పలకరింపులు, దవాఖానకు పోవడాలు, అంగడి పనులు అన్నీ ఆ ఒక్క పగట్లోనే ఇమడాలి. నా ఈడు వాళ్లలో మగ్గాల ఇళ్లలో పెరిగినవారికి ఆ రోజు ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. లోకానికి అది చెడ్డరోజు కావచ్చు, మాకు మాత్రం నెల మొత్తం మీద ఉన్న ఒకే మంచిరోజు.

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచును విడిగా నేసి కుట్టరు, నేస్తూనే పోగు పోగుకూ పట్టునూ నూలునూ ఒకదానిలో ఒకటి మెలివేస్తారు, అందుకని నేసే మనిషి పక్కన, అంచు దగ్గర, ఇంకో మనిషి కూర్చోవాలి. మా ఇంట్లో ఆ మనిషి అక్క. తొమ్మిదేళ్లప్పుడు బడి మాన్పించి కూర్చోబెట్టారు. ఎనిమిదేళ్లు అలా పక్కపక్కన పనిచేసి, నాయిన చేయి ఎప్పుడు కదులుతుందో అక్కకూ, అక్క చేయి ఎప్పుడు ఆగుతుందో నాయినకూ చూడకుండానే తెలిసేది. నన్ను మాత్రం బడికి పంపారు, అది ఆమె కూర్చున్నందువల్లే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ ఏడాది ఒక పెళ్లివారి చీరలు వరుసగా నేసి ముగించాక, నీకేం కావాలో చెప్పమని నాయిన అక్కను అడిగాడు. అలా అడగడం ఆయనకు అలవాటు లేదు. కమ్మలు అడుగుతుందని అమ్మ అనుకుందట. అక్క సముద్రం చూడాలంది. బడిలో ఉన్నప్పుడు పుస్తకంలో బొమ్మ చూసిందట, అంతే. నాయిన నవ్వలేదు, కోప్పడలేదు, సరే అన్నాడు.

మగ్గం మీద కొత్త చీర అప్పటికే ఆరు మూరలు నేసి ఉంది, దాన్ని సగంలో వదిలి ఊరు దాటడం అమ్మకు ఇష్టం లేదు. నాయిన ఆమెకు రోజులు వివరించాడు. వైశాఖ అమావాస్య ముందురోజు సాయంత్రానికి చేరుకుని, అమావాస్య పగలంతా అక్కడుండి, సాయంత్రం బండెక్కితే పని చెడేది తక్కువ, మగ్గం ఎలాగూ ఆగే రోజు కాబట్టి పాపమూ లేదు. చీరాల వైపు నేతపని చేసే ఒకాయనతో ఆయనకు స్నేహం ఉండేది, ఆయనకు తెలిసిన ఒక ముసలమ్మ, చేపలు పట్టే పల్లెకారుల మనిషి, తన గుడిసెలో మమ్మల్ని ఉండనిస్తానందట. కర్నూలు దాకా ఒక బండి, గుంటూరు దాకా ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి, చివర ఎడ్లబండి. మా కుటుంబం అంతా కలిసి చేసిన ప్రయాణం అదొక్కటే.

ఆ గుడిసెకు తాటాకు గోడలు, తలుపుకు బదులు తడిక, లోపల ఎండుచేపల వాసన, నేలంతా ఇసుక. అమ్మ చీపురు తీసుకుని ఊడవబోయింది. ఎంత ఊడ్చినా కింద ఇసుకే వస్తుంటే చీపురు పక్కన పడేసి కూర్చుని నవ్వింది. నాయిన ఇసుకలో నాలుగడుగులు వేసేసరికి అలసిపోయాడు. ఇరవై ఏళ్లుగా గుంటలో కూర్చున్న కాళ్లు అవి, మా ఇంటి నుంచి అంగడి దాకా నడవడమే ఆయనకు ఎక్కువ. అక్క మాత్రం చీకటి పడేదాకా నీళ్లకు దూరంగానే నిలబడి చూస్తూ ఉంది. లోపలికి వచ్చాక, మేం పడుకుని ఒక్క క్షణమైనా ఆగని అలల చప్పుడు వింటూ ఉంటే, మెల్లగా అంది.

“గీడ మగ్గానికి అమాస లేదు నాయినా.”

నాయిన పెద్దగా నవ్వాడు. తెల్లారి కూడా అదే మాట తలుచుకుని నవ్వడం నాకు గుర్తుంది.

తెల్లారి లేచి చూస్తే పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. మగవాళ్లు నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. నాయిన మమ్మల్ని తీసుకుని నీళ్ల వైపు బయలుదేరుతుంటే ముసలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తి చూసింది.

“ఇయ్యాల అమాస కదయ్యా, మావోళ్లెవరూ ఏటకెళ్లరు. మీరూ నీళ్లల్లో దిగమాకండి.”

నాయిన ఆగి, చాలా మర్యాదగా తల ఊపాడు. ఎవరో చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఆయన ముఖం వెలిగింది. అమ్మ వైపు తిరిగి, “మనకే అనుకుంటి, ఈళ్లకు గూడ అమాస సెలవేనట” అన్నాడు. పడుగు మీద గుడ్డ కప్పినట్టు వీళ్లు పడవలు ఒడ్డున పెట్టుకున్నారని అనుకున్నాడు. వాళ్ల నియమం వాళ్లది, పని ముట్టకూడదు, మనకు ఇక్కడ ముట్టడానికి పనేముంది, స్నానమే కదా. అమావాస్య నాడు సముద్రస్నానం పుణ్యమని కూడా ఆయన ఎక్కడో విన్నాడు. ముసలమ్మను ఎందుకని అడగలేదు. అలాంటివి అడగకూడదన్నది మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మర్యాద.

అమ్మ భయపడుతుంటే, ఒక్కొక్కరినే తీసుకుపోతానని నాయిన అన్నాడు. ముందు అక్క, తర్వాత నేను. అన్నిటికీ అక్కే ముందా అని నేను అలిగి, సముద్రానికి వీపు పెట్టి, గుడిసె వైపు తిరిగి కూర్చున్నాను. తమ్ముడు నా ఒళ్లో ఇసుక పోస్తున్నాడు. కాబట్టి జరిగింది నేను చూడలేదు. తర్వాత తెలిసింది ఇంతే. మోకాళ్ల లోతులో నిలబడ్డారు, నాయిన అక్క మణికట్టు పట్టుకుని ఉన్నాడు, నీళ్లు ఒక్కసారిగా నడుము దాటి వచ్చి వెనక్కి లాగాయి, కాళ్ల కింద ఇసుక పోయింది. ఆయన కాళ్లు నిలబడలేదు. చేయి ఎప్పుడు వదిలిందో ఆయనకు తెలియదు. నేను తిరిగి చూసేసరికి అమ్మ మోకాళ్ల మీద ఉంది, వలల దగ్గరి మగవాళ్లంతా పరుగెత్తుతున్నారు.

వాళ్లు వేటకు పోలేదు కనుకే అంతమంది ఒడ్డున ఉన్నారు, అందుకే నాయిన బతికాడు. అక్క మధ్యాహ్నం దాటాక దొరికింది. ముసలమ్మ తన ఉతికిన చీర తెచ్చి కప్పింది. నాయిన దగ్గరికి వచ్చి “చెప్పాను కదయ్యా” అంది. నిందించడానికి కాదు, తన మాట సరిగా చెప్పలేదేమోనని తనను తానే అడుగుతున్నట్టు అంది. మర్నాడు ఆ ఊరివాళ్లే సరుగుడు తోట అవతల గొయ్యి తీశారు. మేం ఒక రోజు ఆలస్యంగా బండెక్కాం.

ఇంటికొచ్చేసరికి పడుగు మీద గుడ్డ అలాగే కప్పి ఉంది. చీర పూర్తిచేసి ఇవ్వాలి, అంచు దగ్గర మనిషి కావాలి. బడి తెరిచే లోపు అని చెప్పి నన్ను అక్క చోట కూర్చోబెట్టారు. నా చేయి నాయిన చేతితో కలవలేదు, ఆయన ఆగి ఆగి నేశాడు, ఒక్కసారి కూడా కసురుకోలేదు. నూలిచ్చి చీరలు నేయించే సావుకారు ఆ చీర మడత విప్పి, ఆరో మూర దగ్గర అంచు మీద వేలు పెట్టి, ఇక్కడ చేయి మారింది కదా అన్నాడు. చీర తిరిగి వచ్చింది. అమ్మ దాన్ని కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నా పెట్టెలో ఉంది. కళ్లు మూసుకుని తడిమినా ఆ చోటు తెలుస్తుంది.

బడి తెరిచాక నన్ను పంపేశారు. నాయిన ఆ తర్వాత అంచు చీరలు నేయలేదు, ఒంటి మనిషి నేసుకోగలిగే సాదా నూలు పంచెలు నేశాడు. వచ్చిన అమావాస్య నాడు, వీధంతా ఊరుకున్న పూట, మా ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినపడింది. అమ్మ తలుపు దగ్గరకు వేసింది. వీధిలో పెద్దవాళ్లు వచ్చి ఇదేం పని అని అడిగి, ఆయన తల ఎత్తకపోవడంతో వెళ్లిపోయారు. ఆయన కాళ్లు పడిపోయేదాకా, ఏ అమావాస్యా వదలకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేశాడు. మిగతా రోజుల్లో ఒంట్లో బాగాలేక పడుకునేవాడేమో కానీ, ఆ రోజు పడుకోలేదు.

కాలేజీలో చేరాక ఒక అమావాస్య నాడు గుంట పక్కన కూర్చుని, ఎందుకు నాయినా అని అడిగాను. పోగు తెగితే దాన్ని అతికి, అప్పుడు చెప్పాడు.

“గా పడవలోల్లది సెలవు గాదు బిడ్డా, భయం. నేను సెలవనుకుంటి.”

తర్వాత నాకు గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే సముద్రం గురించిన ఒక పుస్తకం వెతికి తీసుకున్నాను. సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరుసలోకి వచ్చే రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుందనీ, అమావాస్య అలాంటి రోజనీ అందులో బొమ్మతో సహా ఉంది. ఆ పేజీ చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ముసలమ్మను అడిగి ఉంటే ఆమె తన మాటల్లో అంతకన్నా తక్కువ సేపట్లో చెప్పేది. నేను ముప్పై ఏళ్లు పుస్తకాల మధ్య పనిచేసి ఎంతోమందికి ఎన్నో వెతికి ఇచ్చాను, ఆ పుస్తకాన్ని మాత్రం నాయినకు చూపించలేదు. ఆయనకు తెలియనిది అందులో ఏమీ లేదు.

టీ చల్లారిపోతే మళ్లీ కాచి తెచ్చి, మా తమ్ముడి కూతురికి ఇదంతా చెప్పాను. ఇంత వివరంగా కాదు, నాలుగైదు మాటల్లో. ఆమె కప్పు పక్కన పెట్టి, ఫోన్ తీసి ఏదో వెతికి, నా కళ్లద్దాలు నాకిచ్చి చూడమంది. వాళ్లు వెళ్లబోయే ఊరి సముద్రంలో ఏ రోజు ఏ గంటకు నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో అందులో గీతలుగా ఉంది. మూడో రోజు గీత మిగతావాటికన్నా ఎత్తుగా ఉంది. “ఆ దినం మేం దిగం అత్తమ్మా” అంది. నువ్వు కూడా రా అని మళ్లీ అడగలేదు.

ఆమెను బస్సెక్కించి వచ్చాక అనుకున్నాను, ఈ పిల్లలకు ఎవరినీ ఎందుకని అడగాల్సిన పనిలేదు, అడగలేదన్న బాధా ఉండదు. మంచిదే. గద్వాలలో మా వీధిలో ఇప్పుడు మగ్గాలు నాలుగైదు మిగిలాయి. పోయిన అమావాస్యకు తమ్ముడింటికి వెళితే అవి నడుస్తూనే ఉన్నాయి, అదేమిటని తమ్ముణ్ని అడిగితే, ఎప్పటి నుంచో ఇట్లనే కదా అన్నాడు. వీధిలో అమావాస్య నాడు ఆ చప్పుడు మొదట ఏ ఇంట్లోంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. నేను అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా విన్నాను. అది ఆగిన రోజు మేం ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో చెబితే నమ్మడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.