గేటు దగ్గర చెప్పులు

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో ఎనిమిదేళ్ల కూతురుంది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది. కడుపులో పురుగులు రక్తం పీల్చేస్తున్నాయని, పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నానని చెప్పింది.

"బడిలో మాత్రలు ఇవ్వడం లేదామ్మా?" అని అడిగాను.

"ఇస్తానే ఉండారు సార్. ఆర్నెల్లకొకతూరి అయివారే ఎదురుగా నిలబడి నమిలిస్తాడు. పురుగులు పోతాయి, మళ్లా వస్తాయి. అరికాల్లోనించి దూరేవంట. ఒంటేలికీ దొడ్డికీ బడెనక్కి ఒట్టికాళ్లతో పోతే రాకేం సేస్తాయి?"

"చెప్పులు లేవా?"

"ఉండాయి. గేటుకాడ వరసగా ఇడిసిపెట్టల్ల, సాయంత్రం దాకా ముట్టగూడదు. ఎవురో పేపరాయన ఆ వరస సూసి శానా మెచ్చుకోని రాసినాడంట. మేం పోయి అడిగితే అయివారు గోడకు తగిలించిన ఆ పేపరే సూపిస్తాడు. ఆ మహానుబావుడు ఒక్కదినం పిల్లోల్లతో బడెనక్కి పోయుంటే తెలిసేది!" అని నవ్వింది.

ఊరి పేరు అడిగాను. చెప్పింది. ఆ వార్త రాసింది నేనే. గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, క్రమశిక్షణ అంటే ఇదీ అని రాశాను. బడి వెనక్కి వెళ్లలేదు.

"మీరేం పని సేస్తారు సార్?" అని ఆమె అడిగింది.

"రిటైరయ్యానమ్మా" అన్నాను.

కాసేపటికి నిద్రలో పిల్ల కాళ్లు నా ఒడికి తగిలాయి. ఆమె గబుక్కున వాటిని వెనక్కి లాక్కుంది.

"తప్పయిపాయ సార్, ఏమనుకోవద్దండి" అంది.