ముందూ వెనకా లేని తొడ ఎముక

ఇది ఒక మహాకావ్యం. మృత్యువుకు ఎదురెళ్ళి, ఎముకల గుట్టల నడుమ ఒంటరిగా నిలబడి... కాదులెండి. తిరుపతిలో ఒక ల్యాబు, అందులో ఏసీ పనిచేయని గది, నేను. ఆస్పత్రి ఇచ్చిన స్కాన్లన్నీ కలిపి, మా వైపు మనిషికి సగటు తొడ ఎముక ఎలా ఉంటుందో కంప్యూటర్లో తయారుచేయడం నా పని. విరిగిన కాలికి వేసే ప్లేటును దాని వంపును బట్టి చేస్తారు. ఎముకల డాక్టరు చూసి ఒప్పుకుంటే ఉద్యోగం ఇంకో ఏడాది. లేకపోతే పాకాల రైలెక్కి ఇంటికి.

తొడ ఎముక ఎవరికైనా కొంచెం ముందుకు వంగి ఉంటుంది. నేను చేసింది కట్టెలా నిటారుగా వచ్చింది. మా సారు కుర్చీలోంచి లేచారు.

"చూసినావా అప్పా! తరతరాలుగా కొండ మెట్లెక్కిన జనం. ఎముకే నేరుగా అయిపోయిండాది!"

నేనూ నమ్మాను. ఉద్యోగం కావలసినవాడు ఏ సిద్ధాంతాన్నయినా త్వరగా నమ్ముతాడు.

నాయన స్కానూ అందులో ఉంది. నెలనెలా నడిచి కొండెక్కి, మోకాలు నొప్పని తుంటి నుంచి కాలంతా తీయించుకున్నది. మన ఎముకే వేరని ఫోన్లో చెప్పాను. సాయంత్రానికి పాకాలలో టీ అంగడి మొత్తానికి తెలిసింది.

శుక్రవారం డాక్టరు వచ్చారు. ప్లాస్టిక్‌లో అచ్చు తీసిన ఎముకను ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"ఏమబ్బా, దీనికి ముందు యాడ, ఎనక యాడ?"

సారు మెట్ల గురించి మొదలుపెట్టారు. డాక్టరు నావైపే చూస్తున్నారు.

"ఎడమ కాళ్ళూ కుడి కాళ్ళూ అట్నే కలిపేసినావా?"

కలిపేశాను. తుంటిలో కూర్చునే గుండ్రటి తల అన్నిటికీ ఒకే వైపు రావాలని కంప్యూటరు ఎడమవాటిని ముందు భాగం వెనక్కి వచ్చేలా తిప్పేసింది. సగం ముందుకు వంగినవి, సగం వెనక్కి. సగటు తీస్తే వంపే పోయింది. మెట్లకు ఏ పాపమూ తెలియదు.

సరిచేసి చూపిస్తే డాక్టరు తలూపారు. ఉద్యోగం నిలిచింది. ఎముక అందరి ఎముకల్లాగే వంగి ఉంది. నాయనకు ఫోన్ చేశాను.

"అయితే మనది మామూలు ఎముకేనా?"

"మామూలే నాయనా."

"మరి మోకాలి నొప్పి?"

"అది మాత్రం నీ సొంతమే."



"టీ అంగడోళ్ళకి నువ్వే వచ్చి చెప్పు."

ఎడమ కాలి స్కాన్‌ను కలిపే ముందు అద్దంలో బొమ్మలా తిప్పుకోవాలి. ఆ బటన్ ఎడిట్ మెనూలో పైనుంచి నాలుగోది.