బాత్రూంలో పడ్డానని చెప్పిన నలభై ఆరు రోజులు

అది ఆదివారం. అరసవల్లి రోడ్డు నిండా గుడికి వచ్చినవాళ్ళే. మా చెల్లెలు కాంతం భర్త సూర్యం తన ఆటోలో నన్ను ఇంటికి తీసుకొస్తున్నాడు. ముందున్న వ్యాన్ ఆగింది, మేము ఆగలేదు. డ్రైవరు సీటు వెనకాల ఉండే ఇనుప కడ్డీకి నా కుడి మోకాలు కొట్టుకుంది. నెత్తురు రాలేదు. సాయంత్రానికి మోకాలు వాచి వంగడం మానేసింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర కాంతం నా చెయ్యి పట్టుకుంది.

"అప్పా, ఆటోలో తగిలిందని సెప్పకు. పోలీసులకి రాసేస్తారు. ఈయన లైసెన్సు అయిపోయి ఏడాదైంది. ఆటో అట్టుకుపోతే ఏటి తింటాం?"

"మరేటి సెప్పమంటావే?"

"బాత్రూంలో కాలు మెలికపడి ఎనక్కి పడ్డాననీ."

ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. డాక్టరుతో కాంతం చెప్పమన్నదే చెప్పాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. "స్ప్రెయిన్ అమ్మా, వారం రెస్ట్, తరవాత ఫిజియో," అన్నారు.

తొమ్మిదో రోజు నుంచి వ్యాయామం. బోర్లా పడుకుని, కాలు మడిచి మడమను పిరుదు వైపు లాగాలి. రోజుకు మూడుసార్లు, సారికి ఇరవై. నేను ఒక్కటి కూడా తప్పలేదు.

"పిల్లల సేత గుంజీళ్ళు తీయించీసినావు కదా వదినా, ఇప్పుడు నీ వంతు," అని సూర్యం నవ్వేవాడు. నేనూ నవ్వాను.

కానీ మెట్లు దిగేటప్పుడు మోకాలు నా మాట వినేది కాదు. కింది ఎముక వెనక్కి జారిపోయినట్టు ఉండేది. ముప్పయ్యో రోజు మేడ మెట్ల మీద అలాగే జారి, ఆరు మెట్లు దొర్లి, మణికట్టు విరిగింది. మోకాలి నొప్పి తగ్గకపోయేసరికి నలభై ఏడో రోజున ఎమ్మారై స్కాన్ తీశారు.

డాక్టరు తెర మీద నా ఎముకలు చూపించారు. మోకాలి కింది ఎముక ముందు భాగంలో మబ్బు పట్టినట్టు ఒక తెల్లటి మచ్చ.

"ఇది బోన్ బ్రూయిజ్. ఎముక విరగలేదు కానీ లోపల కమిలింది. మెలికపడితే మచ్చ వేరేచోట వస్తుంది. ఇది ముందు నుంచి తగిలిన దెబ్బ. మోకాలు మడిచి కూర్చున్నప్పుడు ఏదో గట్టిగా కొట్టింది. కింది ఎముక వెనక్కి జారకుండా పట్టి ఉంచే లిగమెంటు, పీసీఎల్ అంటాం, అది తెగింది. మీరు బండిలో ఉన్నారా?"

"లేదండి," అన్నాను.

నా కుర్చీ వెనక నిలబడ్డ సూర్యం అన్నాడు: "ఉన్నాది సార్. నా ఆటోలోనే. నేనే నడిపినాను."

డాక్టరు నా ఫిజియో కాగితం చూసి పక్కన పెట్టారు. "పీసీఎల్ తెగినవాళ్ళు మొదట్లో ఈ వ్యాయామం చేయకూడదమ్మా. తొడ వెనక కండ కింది ఎముకను ఇంకా వెనక్కి లాగుతుంది. మొదటి రోజే తెలిసి ఉంటే మోకాలు కదలకుండా పట్టే బ్రేస్ వేసేవాళ్ళం."

ముప్పై ఎనిమిది రోజులు, రోజుకు అరవై. రెండువేల రెండువందల ఎనభై సార్లు ఆ కాలు లాగాను.

ఆసుపత్రివాళ్ళు కబురు పెడితే ఆ సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఫిర్యాదు ఉందా అని అడిగాడు. లేదన్నాను. సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పది నిమిషాలు పట్టింది. మళ్ళీ ఎవరూ రాలేదు.

నా వయసుకు, ఉన్న అరుగుదలకు ఆపరేషన్ వల్ల లాభం తక్కువన్నారు. నాలుగు నెలలు బ్రేస్ వేసుకున్నాను. దెబ్బ తగిలి ఇప్పటికి పదిహేడు నెలలు. కర్రతో నడుస్తాను. కింద కూర్చోలేను. మేడ మీది గది వదిలి కింద వంటింటి పక్కన పడుకుంటున్నాను. సూర్యం లైసెన్సు మళ్ళీ చేయించుకున్నాడు. నన్ను ఆటో ఎక్కమని మాత్రం అడగడు. కాంతం నా మోకాలి వైపు చూడదు.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. దెబ్బ తగిలినప్పుడు కూర్చున్నారా, నిలబడ్డారా, ఏది తగిలింది, ఎటు నుంచి తగిలింది, ఇవి కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి, ఎవరు ఏమన్నా సరే, డాక్టరు చేతికివ్వండి.